జి.డి. నాయుడు

చెన్నై నగరంలో గిండీ దగ్గరి కత్తిపారా కూడలిలో పది నిమిషాలు నిలబడి చూడండి. ఎన్ని రకాల కార్లు, ఎన్ని రంగుల బస్సులు, ఎంత పెద్ద లారీలు! వాటిలో చాలా వాహనాలు ఈ నగరం చుట్టుపక్కలే తయారైనవి. ఎన్నూరులో లారీలు, బస్సులు తయారవుతాయి. శ్రీపెరుంబుదూరు వైపు వెళితే కార్ల కర్మాగారాలు వరుసగా కనిపిస్తాయి. చెన్నైకి, మోటారు వాహనానికి ఉన్న ఈ చుట్టరికం ఇవాళ్టిది కాదు. 1903లోనే సింప్సన్ సంస్థకు చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఆయన ఆవిరితో నడిచే కారును తయారుచేసి మద్రాసు వీధుల్లో నడిపాడు. అప్పటికి మన దేశంలో కారును కళ్ళారా చూసినవారే తక్కువ.

ఆ రోజుల్లోనే మద్రాసుకు సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, కోయంబత్తూరు జిల్లాలోని ఒక పల్లెటూళ్ళో, పదేళ్ళ తెలుగు పిల్లవాడు ఒకడు బడి ఎగ్గొట్టి పొలాల వెంట తిరుగుతూ ఉండేవాడు. పెద్దవాడయ్యాక అతడు కూడా ఒక కారు తయారుచేశాడు. సామాన్యుడు కొనుక్కోగల కారు అది. ఆ కారు ఏమైందో తెలుసుకోవాలంటే ముందు ఆ పిల్లవాడి కథ తెలుసుకోవాలి.

అతని పేరు దొరస్వామి. తండ్రి గోపాలస్వామి నాయుడు. ఊరు సూలూరు దగ్గరి కలంగల్. పుట్టిన తేదీ 1893 మార్చి 23. తండ్రి పేరులోని మొదటి అక్షరం, తన పేరులోని మొదటి అక్షరం కలిసి తరువాతి కాలంలో అతడు జి.డి. నాయుడుగా ప్రసిద్ధి పొందాడు. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత నాయక రాజుల కాలంలోను ఆంధ్ర దేశం నుంచి అనేక తెలుగు కుటుంబాలు తమిళ దేశానికి తరలివచ్చి నల్లరేగడి నేలల్లో స్థిరపడ్డాయి. పత్తి పండించడంలో వారికి మంచి పేరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే అటువంటి వ్యవసాయదారుల కుటుంబమే గోపాలస్వామి నాయుడుగారిది.

దొరస్వామికి బడి అంటే గిట్టేది కాదు. ఉపాధ్యాయుని కళ్ళలో ఇసుక చల్లాడనీ, దాంతో అతని బడి చదువు ముగిసిపోయిందనీ చెప్పుకుంటారు. ఇది ఎవరూ మెచ్చుకోదగిన పని కాదు. ఏమైనా అతని చదువు ప్రాథమిక దశ దాటలేదన్నది మాత్రం నిజం. చదువు మానాడే కాని తెలుసుకోవాలనే కోరిక మానలేదు. తమిళ పుస్తకాలు తెచ్చుకొని తానే చదువుకొనేవాడు. ఏ వస్తువు కనబడినా అది ఎలా పనిచేస్తోందో చూడాలని తహతహలాడేవాడు.

ఒకనాడు ఆ ప్రాంతానికి ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎడ్లు లేవు, గుర్రం లేదు. తొక్కడానికి ఎవరూ లేరు. అయినా బండి దానంతట అదే పరుగెత్తుతోంది! ఊరివాళ్ళు వింతగా చూసి ఎవరి పనికి వారు వెళ్ళిపోయారు. దొరస్వామి మాత్రం ఆ బండిని మరచిపోలేకపోయాడు. దాని లోపల ఏముందో చూడాలి. చూడాలంటే అది తనదై ఉండాలి. తనది కావాలంటే డబ్బు కావాలి. పొలం పని చేసుకొనే యువకుడికి అంత డబ్బు ఎక్కడిది?

అతడు కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటలులో పనికి కుదిరాడు. వచ్చినవారికి వడ్డించడం, బల్లలు తుడవడం అతని పని. అలా కూలికి పనిచేస్తూ పైసా పైసా కూడబెట్టాడు. తగినంత సొమ్ము చేరగానే వెళ్ళి ఆ మోటారు సైకిలునే కొన్నాడు. కొన్నవాడు దాని మీద ఎక్కి ఊరంతా తిరిగి గొప్పలు చెప్పుకోలేదు. ఇంటికి తెచ్చి ఏ భాగానికి ఆ భాగం ఊడదీశాడు. ఒక్కొక్క మరను, ఒక్కొక్క పళ్ళచక్రాన్ని పరీక్షించాడు. మళ్ళీ అన్నింటినీ యథాస్థానంలో బిగించి బండి నడిపాడు. తప్పు బిగిస్తే బండి కదలదు. సరిగా బిగిస్తే కదులుతుంది. ఈ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడో లేదో చెప్పడానికి మరొకరి అవసరం లేకపోయింది. బడిలో దొరకని గురువు అతనికి ఈ ఇనుప బండిలో దొరికాడు.

తరువాత కొంతకాలం మెకానిక్‌గా పనిచేశాడు. తిరుప్పూరులో పత్తి వ్యాపారంలో దిగాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అది బాగా కలిసివచ్చింది. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్ళి పెద్ద ఎత్తున పత్తి వ్యాపారం చేయబోయి సంపాదించినదంతా పోగొట్టుకున్నాడు. వ్యాపారం తనకు తెలిసిన విద్య కాదనీ, యంత్రమే తన విద్య అనీ గ్రహించి కోయంబత్తూరుకు తిరిగివచ్చాడు.

కోయంబత్తూరులో రాబర్టు స్టేన్స్ అనే ఆంగ్లేయ పారిశ్రామికవేత్త ఉండేవాడు. ఈ యువకుని పట్టుదల ఆయనకు నచ్చింది. ఆయన అప్పుగా ఇచ్చిన సొమ్ముతో 1920లో నాయుడుగారు ఒక బస్సు కొన్నారు. పొల్లాచి నుంచి పళనికి నడపడం మొదలుపెట్టారు. పొల్లాచి పెద్ద సంత ఊరు. పళని కుమారస్వామి కొలువున్న కొండ. ఒకవైపు బెల్లం, కొబ్బరి అమ్ముకొనే రైతులు, మరొకవైపు కావడి మోసుకొని వెళ్ళే భక్తులు. ఆ దారిలో బస్సుకు ప్రయాణికుల కొరత ఏముంటుంది? అయితే ఆనాటి బస్సు నడపడం నేటి బస్సు నడిపినంత సులభం కాదు. ముందుభాగంలో ఇనుప పిడిని చేతులతో గిరగిర తిప్పితే గాని ఇంజను మొదలయ్యేది కాదు. దారి అంతా గతుకులు. నడిదారిలో బండి ఆగిపోతే దగ్గరలో బాగుచేసేవాడు దొరకడు. నాయుడుగారికి ఆ చింత లేదు. బండిని నడిపేవాడూ ఆయనే, ఆగిపోతే విప్పి బాగుచేసేవాడూ ఆయనే.

ఒక బస్సు కొన్నాళ్ళకు అనేక బస్సులయింది. యూనివర్సల్ మోటారు సర్వీసు అనే పేరుతో ఆయన సంస్థ పెరిగింది. కోయంబత్తూరు ప్రాంతంలో ప్రజలు దానిని యు.ఎం.ఎస్. అని పిలిచేవారు. వేళకు బయలుదేరడం, వేళకు చేరడం ఆ బస్సుల ప్రత్యేకత. ప్రయాణికులు నిండేదాకా బస్సు కదలని రోజుల్లో ఇది చాలా గొప్ప మార్పు. ఎండలో చెట్టు కింద కూర్చొని బస్సు కోసం గంటల తరబడి కాచుకొన్న రైతుకు ఆ మార్పు విలువ తెలుసు. దేశం మొత్తంమీద చక్కగా నడిచే బస్సు సంస్థలలో యు.ఎం.ఎస్. ఒకటిగా పేరు పొందింది.

బస్సుల వల్ల డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో నాయుడుగారు మేడలు కట్టుకొని సుఖపడవచ్చు. ఆయన విదేశాలకు వెళ్ళారు. ఇంగ్లండు, జర్మనీ మొదలైన దేశాలలో కర్మాగారాలు చూశారు. ఎక్కడ కొత్త యంత్రం కనబడినా దగ్గరకు వెళ్ళి పరిశీలించేవారు. చేతిలో ఎప్పుడూ కెమేరా ఉండేది. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను ఆయన చలనచిత్రంగా తీశారు. గాంధీజీని, నెహ్రూను, సుభాస్ చంద్రబోసును ఫొటోలు తీశారు. అదే సంవత్సరం శాసనసభ ఎన్నికలలో నిలబడి ఓడిపోయారు. దాని గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు. ఆయన ప్రతిభ వేదికల మీద కంటే వర్కుషాపులోనే రాణించింది.

నాయుడుగారు తయారుచేసిన వస్తువుల పట్టిక పెద్దది. పొడి బ్యాటరీలతో తిరిగే చిన్న మోటారు అమర్చిన క్షౌరపు కత్తి ఒకటి. దాని పేరు రసాంత్. అది జర్మనీలో తయారైంది. చాలా పలుచని క్షౌరపు బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కెమేరాలో దూరాన్ని సరిచేసే పరికరం, మోసానికి తావులేకుండా ఓట్లు నమోదుచేసే యంత్రం ఆయన ఆలోచన నుంచి వచ్చినవే. కిరసనాయిలుతో తిరిగే పంకా మరొకటి. పల్లెల్లో కరెంటు లేని కాలం అది. కరెంటు వచ్చేదాకా పల్లెటూరివాడు చెమటలు కక్కుతూ ఎందుకు కూర్చోవాలన్నది ఆయన ఆలోచన. ఈ వస్తువులన్నింటిలో ఒక పోలిక ఉంది. అవి ఏవీ రాజుల కోసం చేసినవి కావు. రోజూ గడ్డం గీసుకొనేవాడు, ఉక్కపోతలో నిద్రపట్టనివాడు, ఓటు వేసేవాడు వాడుకొనే వస్తువులే అన్నీ.

1937లో మరొక ముఖ్యమైన పని జరిగింది. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి కోయంబత్తూరు పీళమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే సంస్థను స్థాపించి, మన దేశంలో తయారైన మొట్టమొదటి ఎలక్ట్రిక్ మోటారును తీసుకువచ్చారు. అంతకు ముందు మోటారు కావాలంటే ఓడ మీద విదేశాల నుంచి రావలసిందే. మెట్టపొలాలు ఎక్కువగా ఉన్న కోయంబత్తూరు ప్రాంతంలో నీరు బావుల్లో లోతున ఉంటుంది. ఎద్దులతో మోట తోలి నీళ్ళు తోడాలి. మోటారు పంపు వచ్చిన తరువాత ఆ రైతు జీవితం ఎంత మారిందో ఊహించవచ్చు. నేడు కోయంబత్తూరు పంపుసెట్లు దేశమంతటా అమ్ముడుపోతున్నాయి. ఆ పరిశ్రమకు బీజం పడింది అక్కడే.

1941లో ఆయన అయిదు వాల్వుల రేడియోను కేవలం 70 రూపాయలకు తయారుచేయగలనని ప్రకటించారు. రేడియో అప్పట్లో ధనవంతుల ఇళ్ళలో ఉండే వస్తువు. ధర తగ్గితే గాని ఏ వస్తువూ ప్రజలది కాదన్నది నాయుడుగారి గట్టి నమ్మకం. ఆ నమ్మకమే ఆయనను కారు దగ్గరకు తీసుకువెళ్ళింది.

కారు గురించి చెప్పే ముందు ఆయన చదువు చెప్పించిన సంగతి కూడా చెప్పుకోవాలి. 1944లో బస్సు సంస్థ నిర్వహణ నుంచి ఆయన తప్పుకున్నారు. పరిశోధన చేసే విద్యార్థులకు వేతనాలు, కార్మికులకు, పేదవారికి సహాయం ప్రకటించారు. 1945లో ఆయన ఇచ్చిన విరాళంతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. ప్రాథమిక విద్య కూడా పూర్తిచేయని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు! ఆ కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది.

అయితే ఆయన అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు వృథా అనీ, రెండేళ్ళు చాలుననీ ఆయన అభిప్రాయం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు. ఈ విషయంలో ఆయన మాట పూర్తిగా సరైనదని చెప్పలేం. వంతెన కట్టే ఇంజనీరుకు చేతి నైపుణ్యంతో పాటు గణితం కూడా కావాలి. అందరూ మోటారు సైకిలు విప్పి ఇంజనీర్లు కాలేరు. కాని తరగతి గదిలో యంత్రాన్ని ముట్టుకోకుండానే యంత్రశాస్త్రం చదివే పద్ధతి మీద ఆయనకు కలిగిన కోపంలో మాత్రం న్యాయం ఉంది.

ఇక కారు సంగతి. 1952లో నాయుడుగారి కర్మాగారం నుంచి ఒక చిన్న కారు బయటికి వచ్చింది. ఇద్దరు కూర్చోవచ్చు. పెట్రోలుతో నడుస్తుంది. ధర 2,000 రూపాయలు. అప్పట్లో అమ్ముడుపోయే పెద్ద కార్ల ధరల ముందు ఇది చాలా స్వల్పం. అప్పటికి కారు అంటే కలెక్టరుకో, జమీందారుకో, పెద్ద డాక్టరుకో ఉండేది. రెండువేలకు కారు దొరికితే బడిపంతులు, చిన్న వ్యాపారి, పల్లెలు తిరిగే వైద్యుడు కూడా ఆశపడవచ్చు.

ఇలాంటి ఆలోచన ఇతర దేశాలలోనూ సాగుతున్న కాలమది. ఇటలీలో 1936లోనే ఫియట్ సంస్థ చిన్న కారును తెచ్చింది. ఫ్రాన్సులో 1948లో సిట్రోయెన్ సంస్థ రైతుల కోసం ఒక తేలిక కారును ప్రదర్శించింది. జర్మనీలో తాబేలు ఆకారంలో ఉండే ఫోక్స్‌వ్యాగన్ కార్లు యుద్ధం తరువాత వేల సంఖ్యలో తయారవుతున్నాయి. ఆ దేశాలలో ప్రభుత్వాలు, పెద్ద పెద్ద సంస్థలు వందలమంది ఇంజనీర్లతో చేసిన ప్రయత్నమే ఇక్కడ కోయంబత్తూరులో ఒక వ్యక్తి చేశారు.

కాని కారు తయారుచేయడం వేరు, దానిని వేల సంఖ్యలో తయారుచేసి అమ్మడం వేరు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశంలో పరిశ్రమలను ఒక ప్రణాళిక ప్రకారం పెంచాలని ప్రభుత్వం భావించింది. ఉక్కు తక్కువ, విదేశీ ద్రవ్యం తక్కువ. ఉన్నదానిని ఎవరికి ఇవ్వాలో ప్రభుత్వమే నిర్ణయించేది. 1951లో చేసిన పరిశ్రమల చట్టం 1952 మే 8 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పెద్ద పరిశ్రమ పెట్టాలంటే లైసెన్సు తప్పనిసరి. కార్ల తయారీ కొద్ది సంస్థల చేతిలోనే ఉండిపోయింది. మద్రాసులో 1948లో ఏర్పడిన స్టాండర్డ్ మోటారు సంస్థ వాటిలో ఒకటి. అది ఇంగ్లండు కార్లను ఇక్కడ తయారుచేసేది. నాయుడుగారి కారుకు ప్రభుత్వం లైసెన్సు నిరాకరించింది. తయారీ ఆగిపోయింది.

ప్రభుత్వం పక్షాన కూడా చెప్పవలసిన మాట ఉంది. కొత్తగా స్వతంత్రమైన పేద దేశంలో కారు కంటే ముందు ధాన్యం, ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు కావాలి. కాని ఆ కారణంతోనే పెద్ద కార్లను ఆపలేదు కదా! ధనవంతుని కారు సాగింది. సామాన్యుని కారు ఆగింది. ఇది ఆలోచించవలసిన విషయం.

చిన్న కారు కావాలనే మాట ఆ తరువాత దేశంలో చాలా ఏళ్ళు నలిగింది. సంఘాలు వేశారు, నివేదికలు రాశారు. చివరకు 1983 డిసెంబరులో మారుతి కారు రోడ్డు మీదికి వచ్చింది. నాయుడుగారి కారుకు, దానికి మధ్య 31 ఏళ్ళు గడిచిపోయాయి. 2008లో టాటా సంస్థ లక్ష రూపాయల నానో కారును ప్రదర్శించినప్పుడు ప్రపంచమంతా వింతగా చెప్పుకుంది. 1998లో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో చిన్న కార్ల తయారీ ఆరంభమైంది. 2010లో మరైమలై నగరులో డీజిలు ఇంజనుతో నడిచే చిన్న కారు కూడా తయారైంది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ అవసరం లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. ఒకప్పుడు ఆ ఇంజను ఓడలకు, లారీలకు తప్ప సరిపడనంత బరువుగా ఉండేది. నేడు అది చేతిసంచి పట్టే చోట ఇమిడిపోయే కారులో కూడా కూర్చుంది. ఇటలీవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, తమ చిన్న పాండా కారులో డీజిలు ఇంజను పెట్టి దాని శక్తిని నాలుగు చక్రాలకూ అందించారు. ముందు రెండు చక్రాలు బురదలో జారినా వెనుక రెండు చక్రాలు బండిని నెడతాయి. పళని, పొల్లాచి దారుల్లో వానాకాలం బస్సు నడిపిన నాయుడుగారు అటువంటి బండిని చూసి ఉంటే వెంటనే విప్పి చూసేవారేమో!

లైసెన్సు రాకపోయినా ఆయన ఊరికే కూర్చోలేదు. పొలం వైపు తిరిగారు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలు చేసి కొత్త రకాలు పెంచారు. ఆయన పెంచిన పత్తి మొక్కలు మనిషిని మించి ఎత్తు పెరిగేవి. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహామహులు ఆ తోటను చూడడానికి వచ్చారు. పుట్టుకతో రైతుబిడ్డ కదా, యంత్రాన్ని విప్పిన చేతులతోనే మొక్కనూ పరీక్షించారు. ఒకసారి పునాది మొదలుకొని ఇల్లు మొత్తం ఉదయం మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తిచేయించి చూపించారు. ముందే అన్ని భాగాలూ సిద్ధం చేసుకొని, ఎవరు ఏ క్షణంలో ఏ పని చేయాలో నిర్ణయించుకుంటే ఏ పనైనా త్వరగా అవుతుందని చూపడమే ఆయన ఉద్దేశం. బస్సులను వేళకు నడిపిన మనిషికి అది కొత్త విద్య కాదు.

1974 జనవరి 4న, 80 ఏళ్ళ వయస్సులో నాయుడుగారు కన్నుమూశారు.

కోయంబత్తూరు వెళ్ళినవారు అవినాశి రోడ్డులో ఆయన పేరున ఉన్న ప్రదర్శనశాలను చూడవచ్చు. ఆయన తయారుచేసిన పరికరాలు, దేశదేశాల నుంచి సేకరించిన యంత్రాలు అక్కడ ఉన్నాయి. ఆయన వారసులు పాతకాలపు కార్ల సంగ్రహాలయాన్ని కూడా ఏర్పాటుచేశారు. జర్మనీవారి తాబేలు కారు వంటివి అందులో వరుసగా నిలిచి ఉంటాయి. 2025 అక్టోబరులో అదే అవినాశి రోడ్డు మీద సుమారు 10 కిలోమీటర్ల పొడవైన పైవంతెనను ప్రారంభించి, దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. చెన్నైలోను, ఇతర ఊళ్ళలోను తయారైన చిన్న కార్లు ఇప్పుడు రోజూ ఆ వంతెన మీదుగా వెళుతున్నాయి.